రేచీకటి: పేరొకటే, జబ్బు ఒకటి కాదు

ఈసారి పంట సంగతి కాదు, ఒక మాట సంగతి. పొడుగు పోస్టే, తీరుబడిగా చదువుకోండి.

మొన్న ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. దాంతోపాటే గడ్డి మడి కూడా మాడిపోయింది. సంక్రాంతి దాటినకాడ నుంచి గొడ్లకి వరిగడ్డే దిక్కయింది. పెద్ద గేదెలు ఎలాగో నెట్టుకొచ్చాయి. మే నెల చివర్లో ఒకరోజు పొద్దుగూకాక పది నెలల పెయ్య వెళ్ళి వెళ్ళి కుడితి తొట్టికి తల కొట్టుకుంది. ఏదో బెదిరిందిలే అనుకున్నా. మర్నాడు సందెవేళ మళ్ళీ అంతే, ఈసారి గుంజకి కొట్టుకుంది. పగలేమో సుబ్బరంగా తిరుగుతోంది. పశువుల డాక్టరు గారిని పిలిస్తే, సాయంత్రం దాకా ఆగి, మసక పడ్డాక దాని దారిలో ఒక ఖాళీ బకెట్టు పెట్టించారు. పెయ్య నేరుగా వచ్చి బకెట్టు మీద పడింది. "పచ్చిమేత తిని ఎన్నాళ్ళయిందండీ?" అని అడిగారు. చెప్పాను. "రేచీకటి. విటమిన్ ఏ లేక. సూది వేస్తాను, ఎక్కడైనా కాస్త పచ్చగడ్డి సంపాదించండి" అన్నారు. రెండు వారాలు తిరక్కముందే పెయ్య చీకట్లో కూడా చక్కగా నడిచింది.

సంతోషపడాలి కదా? పడ్డాను. కానీ ఆ మాట మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. ఎందుకంటే రేచీకటి అనేది మా ఇంట్లో మామూలు మాట కాదు. అది మా చిన్న మేనమామ పేరుకి ముందు ఊరంతా తగిలించిన మాట. ఆయనకి పదేళ్ళప్పుడు మొదలైంది. వీధి నాటకం చూసి వచ్చేటప్పుడు అమ్మమ్మ కొంగు పట్టుకుంటే తప్ప అడుగు వేసేవాడు కాదట. అమ్మమ్మ ఆదివారం ఆదివారం మేక కార్జం వండి పెట్టింది. రోజు మార్చి రోజు పొన్నగంటి కూర. ఒక్క నెల కాదు, ఏళ్ళ తరబడి. తగ్గలేదు. తగ్గకపోతే ఊరు ఊరుకుంటుందా? "పథ్యం ఎక్కడో తప్పించి ఉంటావమ్మా" అన్నారు. ఆ మాట ఆవిడ పోయేదాకా మోసింది.

అదే పేరున్న జబ్బు పెయ్యకి పద్నాలుగు రోజుల్లో పోయింది, మా మామకి జన్మలో పోలేదు. ఎందుకు? ఈ ప్రశ్న పట్టుకుని నాలుగు పుస్తకాలు, నలుగురు డాక్టర్ల మాటలు తిరగేస్తే, జబ్బు కథ కంటే ముందు పేరు కథ బయటపడింది. అదే మీతో చెప్పుకుందామని.

ముందు మన మాటే చూడండి. రే అంటే రేయి. రేరాజు, రేయెండ, రేపవలు అంటాం కదా, ఆ రే. తమిళంలో ఇరవు, కన్నడంలో ఇరుళు, మన పాత తెలుగులో ఇరులు, ఇవన్నీ ఒక కుదురు మాటలే. రే పక్కన చీకటి. రాత్రి చీకటి. అంతే! ఇంకేం లేదు. ఇందులో కన్ను లేదు, గుడ్డితనం లేదు, జబ్బు అన్న మాటే లేదు. మొదట్లో నాకిది విడ్డూరంగా తోచింది. రాత్రి ఎవరికి చీకటి కాదు? కరెంటు లేని కాలాన్ని తలుచుకుంటే అర్థమైంది. మా తాతల నాటి మనుషులకి రాత్రి అంటే పూర్తి చీకటి కాదు. చుక్కల వెలుగులో నీళ్ళు కట్టేవాళ్ళు, కళ్ళంలో పడుకుని లేచి దొంగని పోల్చేవాళ్ళు, అమావాస్యనాడు కూడా గట్టు మీద నడిచి పోయేవాళ్ళు. రాత్రి నిజంగా చీకటైపోయినవాడే రోగి. వాడు తన కన్నుని తిట్టుకోలేదు, నాకు రాత్రి చీకటైపోతోంది అన్నాడు. మన మాట రోగి నోట్లోంచి వచ్చిన మాటలా ఉంటుంది.

మిగతావాళ్ళు అలా కాదు, బయట నిలబడి చూసి పేరు పెట్టారు. సంస్కృతంలో నక్తాంధ్యం. కార్తీకమాసంలో నక్తం ఉంటాం చూడండి, పగలంతా ఉపవాసం ఉండి చుక్కలు చూసి తినడం, ఆ నక్తమే. రాత్రి గుడ్డితనం అని అర్థం. హిందీలో రతౌంధీ, అదీ అంతే. కన్నడంలో ఇరుళుగురుడు. తమిళులు మాలైక్కణ్ అంటారు, సాయంకాలపు కన్ను అని. ఇది బాగుంటుంది నాకు, ఎందుకంటే జబ్బు బయటపడేది నడిరాత్రి కాదు, సందెవేళ. రష్యావాళ్ళ మాటకి అర్థం కోడి గుడ్డితనం. జపాన్‌వాళ్ళు పిట్టకన్ను అంటారు, చైనావాళ్ళ పాత వైద్య గ్రంథాల్లో పిచ్చుక కన్ను. కోళ్ళు పెంచినవాళ్ళకి ఈ పేరు విప్పి చెప్పక్కర్లేదు. పొద్దుగూకిందంటే గూటికి చేరాల్సిందే, చీకటి పడ్డాక చేత్తో పట్టుకున్నా కదలదు. ఎక్కడో వేల మైళ్ళ అవతల రష్యా రైతు కూడా తన పెరట్లో కోడిని చూసే ఆ మాట అన్నాడు.

ఇక డాక్టర్లు రాసే మాట నిక్టలోపియా. గ్రీకు మాట. దీని కథ మాత్రం ఒక తమాషా. న్యుక్స్ అంటే రాత్రి (మన నక్తానికీ దీనికీ చుట్టరికం ఉంది, ఒకే మూలం నుంచి పుట్టినవి). అలావోస్ అంటే గుడ్డి. ఓప్స్ అంటే కన్ను. మూడూ కలిపితే రాత్రి గుడ్డి కన్ను. బాగానే ఉంది. కానీ మూడూ కలిసిపోయేటప్పుడు నడుమ ఉన్న అలావోస్ నలిగిపోయి ఒక్క ల అక్షరంగా మిగిలింది. తెలిసినవాడికి ల కనపడుతుంది. తెలియనివాడు రాత్రి, కన్ను అని రెండే చదువుతాడు. అంటే? రాత్రి కనపడేవాడు! పూర్తిగా తలకిందులు.

తలకిందులు అయింది కూడా. హిపోక్రటీస్ పేరు మీద చలామణిలో ఉన్న గ్రంథాల్లోనే ఒకచోట, రాత్రిపూట చూసేవాళ్ళని ఈ పేరుతో పిలుస్తాం అన్నట్టుగా ఉంది. రాతప్రతి ఎత్తి రాసేటప్పుడు ఎక్కడో ఒక కాదు జారిపోయిందని కొందరు పండితులు అంటారు. ఏదైతేనేం, ఆ తర్వాతి వైద్యుల్లో కొందరు ఒక అర్థంలో వాడారు, కొందరు దానికి ఎదురు అర్థంలో వాడారు. పగలు కనపడకపోవడానికి గ్రీకులో ఇంకో జోడీ మాట ఉంది, హెమరలోపియా. దానికీ ఇదే గతి పట్టింది. ఇంగ్లీషులో ఈరోజుకి నిక్టలోపియా అంటే రేచీకటి, హెమరలోపియా అంటే పగటి గుడ్డితనం. ఫ్రెంచివాళ్ళు, జర్మన్లు మాత్రం రేచీకటినే హెమరలోపీ అని రాస్తూ వచ్చారు. 1863లో ఫ్రాన్సులో బోర్డోలో బిటో అనే డాక్టరు, రేచీకటి ఉన్న పిల్లల తెల్లగుడ్డు మీద నురగ అంటినట్టు తెల్లటి మచ్చలు ఉంటాయని రాశాడు. ఈరోజుకీ ఆ మచ్చల్ని బిటో మచ్చలనే అంటారు, విటమిన్ ఏ కొరతకి అవి గుర్తు. ఆయన వ్యాసం పేరులో ఉన్న మాట హెమరలోపీ. ఇంగ్లీషు అర్థం మాత్రమే తెలిసినవాడు ఆ పేరు చూస్తే, పగలు కనపడని పిల్లల గురించి అనుకుంటాడు.

మన సుశ్రుతుడు ఈ గొడవ పెట్టుకోలేదు. ఉత్తరతంత్రంలో రెంటినీ విడివిడిగా పెట్టాడు. పగలు కనపడక రాత్రి కనపడేదాన్ని పిత్తవిదగ్ధ దృష్టి అన్నాడు. పగలు కనపడి రాత్రి కనపడనిదాన్ని శ్లేష్మవిదగ్ధ దృష్టి అన్నాడు, అదే నక్తాంధ్యం. పిత్తం, కఫం అన్న కారణాల్ని ఇవాళ ఎవరూ ఒప్పుకోకపోవచ్చు గానీ, ఏ రోగికి ఎప్పుడు కనపడదు అన్నదాంట్లో మాత్రం తికమక లేదు.

పేర్లు ఇన్ని వంకర్లు పోయినా, మందు మాత్రం అందరి దగ్గరా ఒకటే. కార్జం! సుశ్రుతుడు మేక కార్జాన్ని పిప్పళ్ళతో కలిపి కాల్చి ఇమ్మన్నాడు. రోమ్‌లో ప్లినీ అనే ఆయన, ఒకటో శతాబ్దం మనిషి, మేకలకి పగలెంత కనపడుతుందో రాత్రీ అంతే కనపడుతుందని, అందుకే మేక కార్జం తింటే ఈ రోగులకి సాయంత్రపు చూపు తిరిగొస్తుందని జనం అంటారని రాశాడు. గ్రీకులు ఎద్దు కార్జం అన్నారు. ఈజిప్టులో సుమారు 3500 ఏళ్ళ కిందటి ఎబర్స్ పపైరస్‌లో కంటికి కాల్చిన ఎద్దు కార్జం వైద్యం ఉంది. ఆ జబ్బు రేచీకటేనా, ఆ మందు తినడానికా కంటి మీద పెట్టడానికా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు, దాన్ని పక్కన పెట్టండి. మిగతావి చాలవా? ఒకరి పుస్తకం ఒకరు చదివి రాసినవన్నీ కావు ఇవి. అక్కడి అమ్మమ్మలు అక్కడ, ఇక్కడి అమ్మమ్మలు ఇక్కడ కనిపెట్టుకున్నవి. కారణం తప్పు చెప్పారు, మేక కన్ను గట్టిది కాబట్టి అన్నారు. ఫలితం మాత్రం కళ్ళారా చూశారు. విటమిన్ ఏ ఒంట్లో దాచుకునే చోటు కార్జమే మరి.

పెద్ద డాక్టర్లు మాత్రం దీన్ని చాలాకాలం నమ్మలేదు. 1857 నుంచి 1859 దాకా నొవారా అనే ఆస్ట్రియా ఓడ ప్రపంచం చుట్టి వచ్చింది. అందులో నావికులకి రేచీకటి వచ్చింది. ఎడ్వర్డ్ ష్వార్జ్ అనే ఓడ డాక్టరు, జనం చెప్పుకునే వైద్యం చూద్దామని కార్జం పెట్టించాడు, తగ్గింది. ఇది తిండి లోపం అని ఇంటికొచ్చి రాస్తే తోటి డాక్టర్లు మెచ్చుకోకపోగా తగులుకున్నారు. ఆ రోజుల్లో నావికుల్లో ఇంకో నమ్మకం ఉండేది, ఓడ మీద వెన్నెల్లో పడుకుంటే చంద్రుడి వెలుగు తగిలి ఇది వస్తుందని. నిజానికి నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పు మాంసం తప్ప పచ్చాకు ఎరగని ప్రయాణాలవి. మా పెయ్య లాగే.

ఇప్పుడు రైతులకి దగ్గరగా ఉండే ముక్క చెప్తాను. విటమిన్ ఏ దొరికింది మనుషుల ఆస్పత్రిలో కాదు, గొడ్ల మేత దగ్గర. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1907లో పదహారు పెయ్యల్ని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి అచ్చంగా మొక్కజొన్న మొక్కలోదే మేత, ఒకదానికి గోధుమదే, ఒకదానికి ఓట్లదే, నాలుగో దానికి మూడూ కలిపి. రసాయన లెక్కల ప్రకారం అన్నింటికీ మాంసకృత్తులూ బలమూ సమానమే. లెక్క ప్రకారం నాలుగు గుంపులూ ఒకేలా ఎదగాలి. ఎదగలేదు. మొక్కజొన్న మేసినవాటి దూడలు బలంగా పుట్టాయి. గోధుమ మేసినవాటికి నెలలు నిండకుండా పుట్టి చచ్చిపోయాయి. గోధుమ మేతలో లోపాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయని, విటమిన్ ఏ అందులో ఒకటని తర్వాత తేలింది. మేత సంచీ మీద వేసే శాతాలు చదివి మేత కొనేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఆ మేతనీ పేడనీ పరీక్ష చేయడానికి మెక్‌కాలమ్ అనే కుర్ర రసాయన శాస్త్రజ్ఞుణ్ణి పెట్టారు. ఆవుల మీద అయితే ఏళ్ళు పడుతుంది, ఎలుకల మీద చేస్తానన్నాడు. ఎలుక రైతుకి శత్రువు, రైతుల డబ్బుతో ఎలుకల్ని మేపుతారా అని పైవాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో ఆయన చాటుగా తన డబ్బులతో తెల్ల ఎలుకలు కొని తెచ్చుకున్నాడు. మార్గరీట్ డేవిస్ అనే అమ్మాయి జీతం లేకుండా వాటిని చూసుకుంది. 1913లో ఇద్దరూ చూసిందేంటంటే, పంది కొవ్వు గానీ ఆలివ్ నూనె గానీ పెట్టిన ఎలుకలు కొన్నాళ్ళకి ఎదుగుదల ఆపేస్తున్నాయి, వెన్న కొవ్వు పెడితే మళ్ళీ ఎదుగుతున్నాయి. కొవ్వులో కొవ్వు కాని ఇంకేదో ఉంది. అదే ఏడాది కనెటికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆస్‌బోర్న్, మెండెల్ కూడా అదే తేల్చారు. వాళ్ళ ఎలుకలకి కళ్ళు పుసిగట్టి వాచాయి. ఆ వస్తువుకి విటమిన్ ఏ అన్న పేరు 1920లో కుదిరింది.

అక్కడే స్టీన్‌బాక్ అనే ఆయన ఇంకో చిక్కు విప్పాడు. పచ్చ మొక్కజొన్న గింజలు తిన్న ఎలుకలు ఎదుగుతున్నాయి, తెల్ల మొక్కజొన్న తిన్నవి ఎదగడంలేదు. రంగులో ఏదో ఉందని 1919 ప్రాంతంలో అనుమానించాడు. అది కెరోటిన్. పచ్చటి ఆకులో కూడా ఉంటుంది, ఆకుపచ్చ రంగు కమ్మేయడం వల్ల కనపడదు. ఒంట్లో అది విటమిన్ ఏగా మారుతుందని 1930 నాటికి థామస్ మూర్ చూపించాడు. ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆవుపాలు పసుపుపచ్చగా ఉంటాయి, గేదెపాలు తెల్లగా ఉంటాయి కదా. ఆవు కెరోటిన్ కొంత అలాగే పాలలోకి వదులుతుంది, గేదె దాన్ని విటమిన్ ఏగా మార్చేసి వదులుతుంది. తెలుపు చూసి గేదెపాలలో ఏం లేదనుకోకండి. అలాగే గడ్డి ఎండలో ఎండే కొద్దీ కెరోటిన్ పోతుంది. బంగారు రంగు వరిగడ్డిలో మిగిలేది దాదాపు సున్న. మా పెయ్య తల తొట్టికి కొట్టుకుంది ఇందుకే.

డెన్మార్క్ కథ చెప్పకుండా దాటలేను. పాడికి పేరు మోసిన దేశం. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో వెన్నకి బయట మంచి రేటు. వెన్నంతా ఎగుమతి చేసి, ఇంట్లో పిల్లలకి వెన్న తీసిన పాలు, మొక్కల నూనెతో చేసిన మార్గరిన్ పెట్టారు. పిల్లలకి కళ్ళు పొడిబారి, గుడ్డు మెత్తబడి చూపు పోవడం మొదలైంది. కార్ల్ బ్లోఖ్ అనే పిల్లల డాక్టరు ఈ కేసులు లెక్కగట్టాడు, ఎక్కువ పల్లెటూళ్ళ పేదింటి పిల్లలే. ఒక పిల్లల గృహంలో అయితే ఒక వార్డుకి మామూలు పాలు, ఇంకో వార్డుకి వెన్న లేని తిండి. జబ్బు రెండో వార్డులోనే. 1918కి యుద్ధ దిగ్బంధం వల్ల ఎగుమతి ఆగింది. వెన్నకి రేషను పెట్టి ఇంటింటికీ ఇచ్చారు, జబ్బు ఆగింది. తర్వాత రేషను ఎత్తేస్తే మళ్ళీ కనపడింది. పొద్దున్నే పాల కేంద్రంలో చివరి లీటరు దాకా పోసొచ్చి, పిల్లాడికి డికాషన్ ఇచ్చిన ఇళ్ళు మన దగ్గరా చూశాను. రేటు తక్కువని తిట్టుకుంటూనే పోసేవాళ్ళం. నేనూ పోశాను.

మన దేశంలో ఈ పని ఎక్కువగా నడిచింది హైదరాబాదులోనే. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదు వచ్చింది, తార్నాకలో ఉన్న ఎన్.ఐ.ఎన్. అదే. ఆరునెలలకి ఒకసారి పెద్ద మోతాదు విటమిన్ ఏ తాగిస్తే కార్జంలో నిలవ ఉండి అన్నాళ్ళూ కాపాడుతుందన్న పద్ధతిని పిల్లల మీద పరీక్షించింది వాళ్ళే. దాని మీదనే 1970లో దేశమంతా కార్యక్రమం పెట్టారు. అంగన్‌వాడీలో చెంచాతో తాగించే పసుపుపచ్చ మందు అదే, తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్ళదాకా ఆరునెలలకోసారి రెండేసి లక్షలు. మంచిది కదా అని సొంతంగా ఇంకా పోయకండి, ఇది ఒంట్లో నిలవ ఉండే సరుకు, ఎక్కువైతే విషమే. కడుపుతో ఉన్నవాళ్ళయితే మరీ జాగ్రత్త.

పొన్నగంటి కూర సంగతి కూడా ఇక్కడే. పోయిన కంటిని తెచ్చే కూర కాబట్టి పోయినకంటి కూర, అదే పొన్నగంటి అయిందని మనవాళ్ళు చెప్తారు. వినడానికి బాగుంది గానీ నాకు నమ్మకం లేదు. తమిళంలో అదే కూర పొన్నాంగణ్ణి, అందులో ఉన్నది పొన్ను, అంటే బంగారం. మన మాటలోనూ పొన్న అదే అయి ఉంటుందని నా ఊహ. సంస్కృతంలో దాని పేరు మత్స్యాక్షి, చేప కన్ను. కన్ను మాత్రం ఏ పేరులోనూ వదల్లేదు చూడండి. పేరు సంగతి ఎలా ఉన్నా ఆకుకూరగా అది మంచిదే. కెరోటిన్ ఉంది. మునగాకులోనూ ఉంది, తోటకూరలోనూ ఉంది. కాస్త నూనె వేసి వండితేనే ఒంటికి పడుతుంది, ఎందుకంటే అది కొవ్వులో కరిగేది.

ఇంత ఉండి మరి మా మామకి ఎందుకు తగ్గలేదు?

కంటి వెనక తెరలో రెండు రకాల కణాలు ఉంటాయి. శంకువులు ఒక్కో కంటికి సుమారు 60 లక్షలు, పగటి వెలుగుకీ రంగులకీ. కడ్డీలు సుమారు 12 కోట్లు, మసక వెలుగుకి. ఈ కడ్డీల్లో ఊదా ఎరుపు రంగు పదార్థం ఒకటి ఉంటుంది. వెలుగు తగలగానే విరిగిపోతుంది, చీకట్లో మళ్ళీ తయారవుతుంది. 1876లో ఫ్రాంజ్ బోల్ కప్ప కంట్లో దీన్ని చూశాడు. అది తయారవడానికి కావాల్సిన సరుకు విటమిన్ ఏ అని 1930ల్లో జార్జ్ వాల్డ్ తేల్చాడు, 1967లో నోబెల్ వచ్చింది ఆయనకి. సరుకు లేకపోతే కడ్డీలు ఖాళీగా కూర్చుంటాయి. అదొక రేచీకటి. సరుకు అందిస్తే లేచి పనిచేస్తాయి. పెయ్యకి జరిగింది అది.

సరుకు నిండుగా ఉండి కడ్డీలే చచ్చిపోతే? అది ఇంకో రేచీకటి. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరం చేసేదాకా ఈ రెంటినీ విడదీయడం ఎవరి వల్లా కాలేదు. ఆ పరికరంతో చూస్తే కొందరు రేచీకటి రోగుల కంటి తెర మీద నల్లటి మరకలు, ఎముక ముక్కలు చల్లినట్టు కనపడ్డాయి. 1857లో డాండర్స్ అనే డచ్చి డాక్టరు దానికి రెటినైటిస్ పిగ్మెంటోసా అని పేరు పెట్టాడు. ఈ పేరూ తప్పే! మాట చివర ఐటిస్ అంటే వాపు. ఇందులో వాపే అసలు కారణం కాదు. పుట్టుకతో వచ్చిన జన్యు లోపం వల్ల ముందు కడ్డీలు, తర్వాత శంకువులు ఒక్కొక్కటే పోతాయి. తప్పని అందరికీ తెలుసు, అయినా ఆ పేరే వాడుతున్నారు. ప్రపంచంలో సుమారు నాలుగు వేలమందిలో ఒకరికి ఉంటుంది. చాలా ఇళ్ళలో ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపం కలిస్తేనే బయటపడుతుంది. మేనరికాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. 2017లో అమెరికాలో ఒకే ఒక్క జన్యువు లోపానికి జన్యు చికిత్స అనుమతి పొందింది. మిగతా చాలా రకాలకి ఇంకా లేదు.

మా అమ్మమ్మ సొంత మేనమామనే చేసుకుంది. మా మామకి పదేళ్ళకి రాత్రి చూపు పోయింది. పాతికేళ్ళకి పక్క చూపు పోయింది. ఎదురుగా ఉన్న సూదిలో దారం ఎక్కించేవాడు, పక్కన నిలబడ్డ మనిషిని గుద్దుకునేవాడు. పొగరనుకున్నారు కొందరు. నలభై దాటాక పగలూ రాత్రీ ఒకటే అయింది. అమ్మమ్మ పోయిన నాలుగేళ్ళకి ఒక కంటి ఆస్పత్రిలో లోపలికి లైటు వేసి చూసి చెప్పారు, ఇది తిండితో వచ్చిందీ కాదు, తిండితో పోయేదీ కాదు అని. పెళ్ళిళ్ళు ఎలా అని అడిగారు. అక్కడ కూర్చుని మా అమ్మ ఏడ్చింది.

మీ ఇంట్లో పిల్లలకి సందెవేళ తడబాటు కనపడితే ఆకుకూర పెట్టండి, కానీ పెట్టి ఊరుకోకండి. కంటి లోపల చూడగలిగే డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఒకరికి ఇలా ఉంటే మిగతా పిల్లల్ని కూడా.

పెయ్య సంగతి మామకి చెప్పాను. ఆయనకి ఇప్పుడు అరవై ఆరు, అరుగు మీద కూర్చుని రేడియో వింటుంటాడు. రెండు రేచీకట్లు వేరు వేరని, కార్జమూ కూరా ఒకదానికే పనిచేస్తాయని, రెండోదానికి ఎవరు ఎంత పెట్టినా పనిచేయవని అంతా వివరంగా చెప్పా. డాక్టరు అప్పుడే చెప్పినా, ఇలా విడమరిచి ఎవరూ చెప్పలేదట. కాసేపు ఏమీ అనలేదు. రేడియో ఆపాడు.

"అయితే అమ్మ వండిందాంట్లో తప్పేం లేదన్నమాట" అన్నాడు.

"లేదు మామయ్యా."

"కాలవ గట్టు మీద పొన్నగంటి ఇంకా ఉందా అల్లుడూ?"

"వానలు పడ్డాయి కదా, వచ్చింది."

"రేపు కాస్త కోసుకురా. పప్పులో వేయమందాం."